తీర్పు వచ్చేదాకా పడకూడదు

దొండవరం అడ్డరోడ్డు దగ్గర కంకర టిప్పర్ గుద్దిన పెయింటర్ ఏడుకొండలు ఇంకా కింద పడలేదు. గుద్దిన వీడియో అసలుదో, కావాలని ఆడిన నాటకమో తేలేవరకు పడటానికి వీల్లేదని ఉత్తర్వులున్నాయి. అందుకని అతను రోడ్డుకి రెండు నిలువుల ఎత్తున, తల కిందికి వాలి, కాళ్ళు పైకి లేచి, గాలిలోనే ఆగి ఉన్నాడు. అతనికి కాస్త ఎడంగా మోపెడ్, దానికి పైగా ఒక చెప్పు, వీటన్నిటి చుట్టూ డబ్బాలోంచి చిమ్మిన ఎర్రరంగు కూడా ఎక్కడివక్కడ ఆగాయి. కింద బస్సులు, ఆటోలు మామూలుగానే తిరుగుతున్నాయి. గడ్డి లోడు ట్రాక్టర్లు మాత్రం కొంచెం పక్కకి తీసుకుని పోవాలని పోలీసులు బోర్డు పెట్టారు.

ఈ నియమం వెనక మంచి ఉద్దేశమే ఉంది. ప్రమాదాల వీడియోలు ఎక్కువయ్యాయని, వాటిలో ఏది నిజమో ఏది లైకుల కోసం తీసిందో తెలియక జనం అనవసరంగా బాధపడుతున్నారని ప్రభుత్వం గమనించింది. తీరా బాధపడ్డాక అది నాటకమని తేలితే, పడ్డ బాధని వెనక్కి ఇచ్చేవాళ్ళెవరూ లేరు. అందుకని ఏ ప్రమాద దృశ్యం మీదనైనా ఒక్కరు అభ్యంతరం చెబితే చాలు, విచారణ ముగిసేదాకా ఆ ప్రమాదం ఎక్కడిదక్కడ ఆగిపోవాలని రాశారు. ఏడుకొండలు విషయంలో అభ్యంతరం చాలా తొందరగా వచ్చింది. అడ్డరోడ్డులో చెరుకురసం అమ్మే అతను తన బండిని లైవ్‌లో చూపిస్తుండగా వెనకాల టిప్పర్ గుద్దింది. ఏడుకొండలు పైకి లేచి, ఇంకా కిందికి తిరక్కముందే, ఎక్కడో మహానగరంలో ఇడ్లీ తింటున్న ఒకాయన 'ఓవర్ యాక్షన్' అని రాసి పక్కన నవ్వే బొమ్మ పెట్టాడు. అది అభ్యంతరంగా నమోదైంది. ఏడుకొండలు ఆగాడు.

టిప్పర్ని ఆపలేదు. యథాతథ స్థితి అంటే ఏది ఎలా ఉన్నది అలాగే ఉండటం. టిప్పర్ నడుస్తూ ఉంది కాబట్టి నడుస్తూనే ఉండాలని పోలీసులు అర్థం చెప్పారు. అది కాంట్రాక్టరు రామబ్రహ్మం గారి టిప్పరు.

ఏడుకొండలు భార్య మస్తానమ్మ అప్పుడు మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆవరణలో కాయలకి తొడిమలు తీస్తోంది. పక్కన కూర్చున్న రమాదేవి ఫోన్ ముందుకి పెట్టి, "చూడక్కా, ఎంత బాగా చేశాడో. అచ్చం నిజంగా ఎగిరినట్టే ఉంది," అంది.

మస్తానమ్మ చూసింది. ముందు ఆమె కంటికి మనిషి ఆనలేదు, చొక్కా ఆనింది. ఆ చొక్కాకి గుండీ ఊడిపోతే పొద్దున్నే దానికి ఆకుపచ్చ గుండీ కుట్టి, "తెల్లచొక్కాకి పచ్చగుండీ ఏందే" అంటే, "రంగులేసేవాడివి నీకెందుకయ్యా" అని పంపింది తనే.

ఆమె లేచి పరుగెత్తింది. కారం చేతుల్తోనే కళ్ళు తుడుచుకుంది. అడ్డరోడ్డు చేరేసరికి కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, ధారగా కారుతున్నాయి. అప్పటికే మూగిన జనంలో ఫోన్లు కొన్ని ఆమె వైపు తిరిగాయి. ఆ ఏడుపు మొగుడి కోసమా, కారం వల్లనా అని ఇంకో చర్చ మొదలైంది. అయితే ఏడుపు ప్రమాదం కిందికి రాదు కనుక దాన్ని ఆపమని ఎవరూ అనలేదు.

"దించండయ్యా ఆయన్ని! చూస్తా నిలబడ్డారేంది?" అని అరిచింది.

కానిస్టేబుల్ వచ్చి మర్యాదగానే చెప్పాడు. "దించకూడదమ్మా. పెండింగులో ఉంది."

"మనిషి పెండింగులో ఉంటాడా?"

"మనిషి కాదమ్మా, పడటం పెండింగు."

ఆమె తల పైకెత్తింది. ఏడుకొండలు తలకిందులుగా ఆమెనే చూస్తున్నాడు.

"ఏందయ్యా, బాగా తగిలిందా?"

"గుద్దటం గట్టిగానే గుద్దాడే. నొప్పి ఇంకా రాలా. బయల్దేరింది, దగ్గరిదాకా వచ్చి ఆగింది." రోడ్డు వైపు కళ్ళు తిప్పి అన్నాడు. "రాంగ్ సైడులో వచ్చాడు మస్తానూ. నేను హారన్ కొట్టాను."

హారన్ కొట్టిన సంగతి అతను తర్వాత చాలామందికి చెప్పాడు. విలేకరులకి, అటుగా పోయే బస్సు కిటికీల్లోని ప్రయాణికులకి, తనతో ఫోటో దిగడానికి పక్క మేడెక్కిన వాళ్ళకి. పన్నెండేళ్ళుగా గోడలకి రంగులేస్తూ, కూలి తక్కువిచ్చినా ఒక పూత వేసి రెండు పూతలని చెప్పని మనిషి. తను చెప్పింది ఎవరైనా నమ్మకపోవచ్చన్న ఆలోచనే అతనికి తట్టలేదు.

వీడియో లేనివాళ్ళకి ఈ ఇబ్బంది ఏమీ లేదు. కొద్దిరోజులకే అదే చోట, అదే టిప్పర్ కింద, పాలు పోసే ఆదెయ్య పడ్డాడు. ఆ సమయానికి ఎవరి చేతిలోనూ ఫోన్ లేదో, ఉన్నా ఏడుకొండలు వైపు తిప్పి ఉందో గానీ, ఎవరూ తీయలేదు. ఆదెయ్య వెంటనే పడ్డాడు, వెంటనే పోయాడు. ఎవరూ అనుమానించలేదు, ఎవరూ అడగలేదు. గాలిలోంచి చూసిన ఒకే ఒక్క సాక్షి ఏడుకొండలు. అతని సాక్ష్యం చెల్లదన్నారు, ఎందుకంటే అతనే ఇంకా తేలలేదు.

మస్తానమ్మ ఒక ఇనుప నిచ్చెన అద్దెకి తెచ్చుకుంది. భోజనం పెట్టడానికి అధికారులు అభ్యంతరం చెప్పలేదు. ఆకలి ప్రమాదంలో భాగం కాదు. పూటపూటకీ నిచ్చెనెక్కి, తలకిందులుగా ఉన్న నోట్లో ముద్దలు పెట్టి, గొంతులోకి దిగేలా వీపు రాసేది. కింద చెరుకురసం బండి పక్కన ఇప్పుడు బజ్జీల బండి, పుచ్చకాయల బండి వచ్చాయి. తినేవాళ్ళు పైకి చూసి మాట్లాడుకునేవాళ్ళు.

"వైరు ఎక్కడ కట్టారంటావ్?"

"నడుంకి కడతారు. చొక్కా కింద ఉంటది."

"మరి రక్తం?"

"రక్తం అంత ఎర్రగా ఉంటదా ఎక్కడన్నా?"

మస్తానమ్మ నిచ్చెన మీదనుంచే అరిచింది. "అది రక్తం కాదురా సచ్చినోళ్ళారా! రంగు! గేట్లకేసే రంగు!"

సాయంత్రానికి టీవీలో, 'అది రంగేనని ఒప్పుకున్న కుటుంబం' అని వేశారు.

ఆ టీవీలో ప్రతి సాయంత్రం చర్చ జరిగేది. ఒక కాలేజీ లెక్చరరు బోర్డు మీద గీత గీసి, ఈ బరువున్న మనిషి ఈ వంపులో లేవడం సాధ్యం కాదని తేల్చాడు. సినిమాల్లో ఫైట్లు చేయించే అతను, చేతులు అలా చాపడం తమ దగ్గర మొదటివారం నేర్పే పనేనన్నాడు. నిజం వైపు మాట్లాడేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళూ గీతలే గీశారు. నాటకమైతే మొహంలో భయం ఇంకొంచెం ఎక్కువ పెట్టేవాడని, ఇంత తక్కువ భయం నిజమైన ప్రమాదంలోనే ఉంటుందని వాదించారు. చివర్లో యాంకరు ఏడుకొండలు మొహాన్ని తెరనిండా పెద్దది చేసి, నిజమనుకునేవాళ్ళు ఒకటి, నాటకమనుకునేవాళ్ళు రెండు నొక్కమని అడిగేది. నొక్కేవాళ్ళు లక్షల్లో ఉన్నారు. మస్తానమ్మ కూడా ఒకటి నొక్కింది. మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని వచ్చింది.

ఆ రోజుల్లోనే ప్రణీత్ అనే కుర్ర లాయరు నలుగురు స్నేహితుల్ని వెంటబెట్టుకుని ఆమె దగ్గరికొచ్చాడు. "అక్కా, మేం నిజం వైపు. బావగారిది నిజమైన ప్రమాదమని రుజువు చేసేదాకా నిద్రపోం," అన్నాడు. అన్నట్టే పనిచేశాడు కూడా. ఆదెయ్య ఇంటికి వెళ్ళాడు, టిప్పర్ వెంట పడి ఫోటోలు తీశాడు, రామబ్రహ్మం గారి మనుషుల చేత దెబ్బలు తిన్నాడు. మస్తానమ్మకి ఆ పిల్లాడి మీద తమ్ముడంత అభిమానం కలిగింది. నిజమని తేలితే ఏడుకొండల్ని దించి ఆసుపత్రికి తీసుకుపోతారని ఆమె అనుకుంది. అలా కాదని ఆమెకి విచారణ రోజు తెలిసింది.

విచారణ అధికారి పద్మనాభం మంచివాడు. ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిప్పించి, ఓపిగ్గా చెప్పాడు.

"నాటకమని తేలితే ఇబ్బందేం లేదమ్మా. జరగనిది జరగనట్టే కాబట్టి నిచ్చెనేసి మేమే దింపుతాం. జనాన్ని మోసం చేసినందుకు కేసు ఉంటుంది, అది చిన్నదే."

"నాటకం కాదయ్యా. నిజం."

"నిజమని తేలితే ఆగిన ప్రమాదం మళ్ళీ మొదలవుతుంది."

"అంటే?"

"పడతాడమ్మా. ఎంత వేగంగా పడాల్సి ఉందో అంత వేగంగా."

"పడితే తల ముందు తగులుద్ది సార్," అంది మస్తానమ్మ.

"అవునమ్మా. వీడియో చూస్తే అలాగే అనిపిస్తోంది."

"అట్టాంటప్పుడు ముందు దించి, తర్వాత నిజమని రాసుకోండి."

"దించితే నిజం ఎలా అవుతుంది? నిజంగా గుద్దితే మనిషి పడాలి. పడనిది ప్రమాదమెలా అవుతుందో మీరే చెప్పండి."

"ఆసుపత్రి సార్? అంబులెన్సు?"

"ప్రమాదం పూర్తయిన వెంటనే వస్తుంది. అందులో ఒక్క నిమిషం ఆలస్యం జరగనివ్వను." పద్మనాభం నీళ్ళ గ్లాసు ఆమె దగ్గరికి జరిపాడు. "నాకూ ఆడపిల్లలున్నారమ్మా," అన్నాడు.

ఆమె ఇంటికెళ్ళి, ఉన్న ఒక్క దూది పరుపు చుట్టి నెత్తిన పెట్టుకుని అడ్డరోడ్డుకొచ్చింది. పక్కింటివాళ్ళని బతిమాలి ఇంకో రెండు తెచ్చింది. మూడూ పరిచి, చేత్తో నొక్కి చూసుకుని, తల ఎక్కడ తగులుతుందో లెక్కగట్టి అక్కడ దిళ్ళు పెట్టింది. ఇంకా సర్దుతుండగానే చుట్టూ ఫోన్లు లేచాయి.

"పరుపులొచ్చాయిరోయ్! ఇప్పుడేమంటారు?"

"షూటింగ్ అని మేం మొదట్నుంచీ చెప్తన్నాం కదా!"

ప్రణీత్ పరుగున వచ్చి తనే దిళ్ళు తీసేయబోయాడు. "అక్కా, ఏం చేస్తన్నావ్? కేసు మొత్తం పోద్ది. పరుపేస్తే నాటకమని మనమే ఒప్పుకున్నట్టు."

"పరుపేస్తే పడ్డా బతుకుతాడురా."

"అక్కా, ఇన్ని రోజులు కష్టపడ్డాం. ఇంత దూరం వచ్చి..."

కానిస్టేబుళ్ళు పరుపులు మడిచి తీసుకుపోయారు. షూటింగ్ సామగ్రి అని చీటీ అంటించి స్టేషన్లో పెట్టారు. ఆ రోజు నుంచి మస్తానమ్మ, కూతురు లిఖిత చాప మీద పడుకున్నారు.

ఆ తర్వాత ఆమెకి కొత్త బతుకొకటి అలవాటైంది. నిజమని తేలకపోవడమే మేలు. అనుమానించేవాళ్ళంటే ఆమెకి కడుపు మండేది, ఒక్కొక్కణ్ణీ ఈడ్చి కొట్టాలనిపించేది. అయినా పొద్దున్నే లేచి రమాదేవి ఫోన్లో వాళ్ళు రాసింది చదివించుకునేది. వాళ్ళు తగ్గితే భయం. ఒకనాడు బజ్జీల బండి దగ్గర ఒక పెద్దమనిషి, "పాపం, నిజమేనేమో," అన్నాడు. మస్తానమ్మ ఉలిక్కిపడి అతని దగ్గరికెళ్ళింది. "చేతులు చూడండన్నా. అట్టా చాపుతారా ఎవరన్నా?" అంది. అని, నిచ్చెన చాటుకెళ్ళి తన నోటి మీద తనే కొట్టుకుంది.

లిఖిత నాలుగో తరగతి చదువుతోంది. స్కూల్లో ఆ పిల్లని యాక్టర్ కూతురని పిలవసాగారు. ఒకరోజు సాయంత్రం తల్లితోపాటు అడ్డరోడ్డుకొచ్చింది. నాన్నకి లెక్కల పరీక్షలో వచ్చిన మార్కులు గట్టిగా అరిచి చెప్పింది. అతను కూడా పైనుంచి "శభాష్" అని అరిచాడు. మేడ మీద ఫోటోలు దిగుతున్నవాళ్ళలో ఒకడు, "పాపకి డైలాగులు బాగా నేర్పారు," అన్నాడు. లిఖిత తల్లి కొంగు పట్టుకుని మెల్లగా అడిగింది.

"అమ్మా, నాన్నది యాక్టింగా?"

మస్తానమ్మ పిల్ల చెంప మీద చాచి కొట్టింది. ఆమె కోపమంతా ఆ ఊరిమీద, ఆ ఫోన్లమీద, ఆ టిప్పర్ మీద. చెయ్యి అందేంత దూరంలో మాత్రం ఆ పిల్లే ఉంది.

ఇలా ఉండగా ప్రణీత్ కష్టం ఫలించింది. పెట్రోలు బంకు కెమెరాలో మొత్తం పడింది. టిప్పర్ తప్పు దారిలో రావడం, ఏడుకొండలు పక్కకి తప్పుకోబోవడం, బొటనవేలు హారన్ మీద ఉండటం కూడా స్పష్టంగా ఉంది. బంకు యజమాని ముందు భయపడ్డాడు. ప్రణీత్ కాళ్ళా వేళ్ళా పడి తెచ్చాడు. నిపుణులు చూశారు, లెక్చరరు తన గీత చెరిపేశాడు. ఒకటో రెండో నొక్కమన్న యాంకరమ్మ తెరమీద క్షమాపణ చెప్పింది. లక్షలమంది ఏడ్చే బొమ్మలు పెట్టారు. తీర్పు ఖాయమైంది. మర్నాడు పొద్దున అధికారుల సమక్షంలో ప్రమాదం తిరిగి మొదలవుతుందని ప్రకటించారు.

ప్రణీత్ స్వీట్లు తీసుకుని మస్తానమ్మ ఇంటికొచ్చాడు. కళ్ళలో నీళ్ళున్నాయి. "అక్కా, గెలిచాం! బావ చెప్పింది అక్షరాలా నిజమని తేలింది."

"రేపు పడతాడన్నమాట."

ప్రణీత్ తల దించుకున్నాడు. "బాధగానే ఉందక్కా. కానీ ఆ టిప్పర్ వాడికి శిక్ష పడుద్ది. బావ పేరు నిలబడుద్ది."

"పేరు నిలబడుద్ది. ఆయన?"

"నిజం బయటికి రావాలి కదక్కా."

"నీకు నిజం కావాలి, వాళ్ళకి అబద్ధం కావాలి. నాకు మనిషి కావాలిరా! ఒక్కడన్నా మనిషి కావాలన్నాడా ఇన్ని రోజుల్లో?" ఆమె ఆ స్వీట్ల డబ్బా తీసుకుని వీధిలోకి విసిరేసింది.

మర్నాడు అడ్డరోడ్డు కిక్కిరిసిపోయింది. తాళ్ళు కట్టి జనాన్ని వెనక్కి నెట్టారు. మేడల మీద, బస్సుల మీద, ఆగిన లారీల మీద ఎక్కడ చూసినా ఎత్తిన ఫోన్లే. ఈసారి ఎవరూ అనుమానించడం లేదు. అందరి మొహాల్లోనూ జాలి ఉంది. నిజమని తేలినదాన్ని కళ్ళారా చూసి బాధపడటానికి దూరపు ఊళ్ళనుంచి కూడా వచ్చారు. అంబులెన్సు వచ్చింది, కానీ దానికి అర్హత ఇంకా రాలేదు కాబట్టి దూరంగా ఊరి వంతెన అవతల నిలిపారు. పద్మనాభం చేతిలో ఆర్డరు కాగితంతో నిలబడ్డాడు. అది చదివితే అయిపోతుంది.

మస్తానమ్మ తాడు కింద నుంచి దూరి అతని కాళ్ళ దగ్గరికొచ్చింది. "సార్, ఒక్క దారి చెప్పండి. మీకు తెలుసు. ఏదో ఒకటి ఉంటది."

పద్మనాభం అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించి అన్నాడు. "ఒప్పుకోలు. మేమే చేశాం, నాటకమే అని మీరు ఒప్పుకుంటే దాని ముందు ఏ కెమెరా నిలవదు. పరుపులు ఎలాగూ స్టేషన్లో ఉన్నాయి, సాక్ష్యానికి సరిపోతాయి. కానీ ఇద్దరూ ఒప్పుకోవాలి. నలుగురి ముందు, నవ్వుతూ చెప్పాలి. ఏడుస్తూ చెబితే బెదిరించి చెప్పించారని అంటారు."

మస్తానమ్మ లేచి నిలబడింది. మొహం కొంగుతో గట్టిగా తుడుచుకుంది. ఫోన్ల వైపు తిరిగి, "ఇదంతా యాక్టింగే!" అని అరిచి, నవ్వింది. నోరు పెద్దగా తెరిచి, భుజాలు ఊగేలా, దమ్ము చాలక దగ్గొచ్చేదాకా నవ్వింది. జనం నిర్ఘాంతపోయారు. ప్రణీత్ "అక్కా, వద్దు!" అని తాడు తోసుకుని రాబోతే పోలీసులు పట్టుకున్నారు.

ఆమె నిచ్చెన ఈడ్చుకొచ్చి వేసి, ఎక్కి, ఏడుకొండలు మొహానికి మొహం పెట్టింది.

"నువ్వు కూడా నవ్వయ్యా."

"హారన్ కొట్టాను మస్తానూ."

"కొట్టావు. నాకు తెలుసు."

"వాడు రాంగ్ సైడు."

"రాంగే."

"ఆదెయ్యని చంపాడు. నా కళ్ళముందే చంపాడు. నేనిప్పుడు నవ్వితే అది కూడా..."

"తెలుసు. నవ్వు."

"నాకు నవ్వు రావట్లేదే."

"నాకొస్తందా?" ఆమె అతని చెంపలు రెండు చేతుల్తో పట్టుకుంది. "నువ్వు చచ్చి నిజం చెప్తే వీళ్ళు ఒక పూట ఏడిచి బజ్జీలు తిని పోతారు. నాకు బతికున్న అబద్ధం కావాలి. నీ కూతురు ఆ ముందు వరసలో ఉంది, చూడు. నవ్వు."

ఏడుకొండలు చూశాడు. తలకిందులుగా ఉన్న అతని కళ్ళలోంచి నీళ్ళు నుదుటి మీదుగా జుట్టులోకి పోయాయి. తర్వాత నవ్వాడు. తలకిందులైన నవ్వు కాబట్టి ఏడుపులా ఉందని కొందరికి అనుమానమొచ్చింది. పద్మనాభం ఫోన్లో ఆ బొమ్మని తిప్పి చూసి, నవ్వేనని ధ్రువీకరించాడు.

చదవాల్సిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అగ్నిమాపక వాళ్ళు పెద్ద నిచ్చెన వేసి ఏడుకొండల్ని దింపారు. దూరం నుంచి వచ్చినవాళ్ళు తిట్టుకుంటూ పోయారు. 'ఎంతకి అమ్ముడుపోయావ్' అని మస్తానమ్మని అడిగినవాళ్ళలో మొన్న ఏడ్చే బొమ్మలు పెట్టినవాళ్ళే ఎక్కువ. ప్రణీత్ మళ్ళీ ఆమె గడప తొక్కలేదు.

ఏడుకొండలు ఒంటిమీద గీత కూడా లేదు. కానీ దగ్గరిదాకా వచ్చి ఆగిన నొప్పి అతనితోపాటే దిగింది. కుడిచెయ్యి భుజం దాటి లేవడం లేదు, మెడ ఒక పక్కకే తిరుగుతోంది. సర్కారు డాక్టరు శ్రద్ధగా పరీక్ష చేసి, "ఏమీ జరగలేదు కదా. జరగనిదానికి నేను ఏ నొప్పని రాసి మందివ్వను?" అని అడిగాడు. చెయ్యి లేవనివాణ్ణి రంగులకి ఎవరూ పిలవలేదు. మోసం కేసు ఎక్కువ దూరం వెళ్ళకుండా రామబ్రహ్మం గారే పెద్దమనసు చేసుకున్నారు. స్వయంగా ఇంటికొచ్చి, తన టిప్పర్ మీద నింద వేసినందుకు క్షమించానని చెప్పి, ఫోటో కోసం ఏడుకొండలు కుడిభుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కారు. ఏడుకొండలు కళ్ళు మూసుకున్నాడు. ఫోటోలో అది కృతజ్ఞతలా వచ్చింది.

టిప్పర్లు తిరుగుతూనే ఉన్నాయి. అడ్డరోడ్డులో ఇప్పుడు తరచుగా ఎవరో ఒకరు గాలిలో కనిపిస్తారు. స్కూటర్ మీద పోతున్న నర్సు, కూరగాయల బుట్టతో ఒకామె, కొత్తగా పెళ్ళయిన జంట. ఎవరూ ఎక్కువసేపు ఉండరు. మస్తానమ్మ చూపించిన దారి అందరికీ తెలిసింది. ఇంటివాళ్ళు వస్తారు, కిందా పైనా నవ్వుతారు, నాటకమని చెబుతారు, దింపించుకుని ఒంగిన మెడలతో, లేవని చేతులతో నడిపించుకుపోతారు. వీడియో లేనివాళ్ళని ఎప్పటిలాగే పొద్దున్నే ఊడ్చేవాళ్ళు పక్కకి తీస్తారు. ఆ ఏడాది దొండవరంలో ఒక్క ప్రమాదం కూడా జరగలేదని లెక్క తేలింది. పద్మనాభానికి ప్రమోషనొచ్చింది. పోయేముందు ఆయన అన్ని స్కూళ్ళకీ ఒక సూచన పంపాడు. నవ్వడంలో జరిగే ఆలస్యమే ప్రాణాలకి అపాయమవుతోందని, పిల్లలకి చిన్నప్పటినుంచే అలవాటు చేయాలని అందులో ఉంది.

స్కూల్లో నేర్పేది చాలదని మస్తానమ్మ ఇంటి దగ్గర కూడా నేర్పుతోంది. పొద్దున్నే జడలు వేసి, బ్యాగు పక్కన పెట్టి, లిఖితని వీధిలో నిలబెడుతుంది. వెనకనుంచి వచ్చి ఒక్క తోపు తోస్తుంది. ఎప్పుడు తోసేదీ చెప్పదు.

"గుద్దగానే ఏం చెయ్యాలి?"

"నవ్వాలి."

"ఎటు చూసి?"

"ఫోన్ వైపు."

"ఏమనాలి?"

"యాక్టింగ్ అండీ, అనాలి."

మొదటిసారి తోసినప్పుడు లిఖిత మోకాలు గీసుకుని, ముందు "అమ్మా" అంది, తర్వాత నవ్వింది. "ఆలస్యమైంది. అమ్మా అనకూడదు. మళ్ళీ," అంది మస్తానమ్మ. ఆమె గొంతులో కోపం తప్ప ఇంకేమీ లేదు. అరుగుమీద ఏడుకొండలు కూర్చుని, లేవని చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎడంచేత్తో ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నాడు. తీసింది తిప్పి చూసుకుని, "కళ్ళు కూడా నవ్వాలి తల్లీ. కళ్ళు చూసి పట్టేస్తారు," అన్నాడు.

మళ్ళీ తోసింది. ఈసారి లిఖిత నేలకి తగలకముందే నవ్వింది. పళ్ళు కనపడ్డాయి, కళ్ళు కూడా నవ్వాయి. మస్తానమ్మ పిల్లని లేపి, గౌను మీద దుమ్ము దులిపి, మోకాలి మీద రక్తం కొంగుతో అద్ది, బ్యాగు భుజానికి తగిలించింది.

"ఇప్పుడు బాగుంది. టైమైంది, బడికి పో," అని టిప్పర్లు పోయే రోడ్డు వైపు పంపింది.